అడవి చదువంటే ఖాకీ ఒక్కటేనా?

బైపీసీ అయిపోయింది. నీట్‌లో అనుకున్న ర్యాంకు రాలేదు. ఇంట్లో ఒకరు లాంగ్ టర్మ్ కోచింగ్ అంటారు, ఇంకొకరు అగ్రికల్చర్ అంటారు. ఇంతలో చుట్టాల్లో ఒకాయన అందుకుని ‘బీఎస్సీ ఫారెస్ట్రీలో చేర్పించండి, బయటికి రాగానే ఫారెస్టాఫీసరే’ అంటాడు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల ఇళ్లలో ఈ మాట కొత్త కాదు. 2025లో ఏపీపీఎస్సీ ఒకేసారి 691 బీట్ ఆఫీసర్, అసిస్టెంట్ బీట్ ఆఫీసర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చాక ఇంకాస్త గట్టిగా వినిపిస్తోంది.

ఆ చుట్టాలాయన చెప్పినదాంట్లో సగమే నిజం. చదువు మంచిదే. చేరమని ఆయన చెప్పిన కారణమే తప్పు. ఆ తప్పు కారణంతో చేరితే నాలుగేళ్లు పోయాక తెలుస్తుంది. అందుకే ముందే మాట్లాడుకుందాం.

నేను చదివింది ఇంజినీరింగ్, రాసేది టెక్నాలజీ గురించి. నీకు అడవితో ఏం పని అని మీరు అడగొచ్చు. ఉపగ్రహ చిత్రాలు, డ్రోన్లు, సెన్సర్లు, మెషీన్ లెర్నింగ్... నేను రాసే ఈ పరికరాలన్నిటికీ నిజంగా పని ఉన్న చోటు ఏదా అని వెతికితే అడవి మొదటి వరుసలో కనిపిస్తుంది. పరికరాలు నడిపేవాళ్లు మనలో బోలెడు మంది. చెట్టు తెలిసినవాళ్లే తక్కువ. నా వాదనంతా ఈ ఒక్క మాట మీదే.

ఉద్యోగానికి ఆ డిగ్రీయే అక్కర్లేదు

ముందు చేదు నిజం. పైన చెప్పిన బీట్ ఆఫీసర్, అసిస్టెంట్ బీట్ ఆఫీసర్ పోస్టులకు ఇంటర్ పాసైతే చాలు. రేంజ్ ఆఫీసర్ పోస్టుకు డిగ్రీ కావాలి కానీ, ఫారెస్ట్రీయే కావాలని లేదు. బోటనీ, కెమిస్ట్రీ, మ్యాథ్స్, వ్యవసాయం, ఇంజినీరింగ్ వాళ్లంతా అదే పరీక్ష రాస్తారు.

అన్నిటికన్నా పై మెట్టు ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్. 1966లో ఏర్పడిన ఈ సర్వీసుకు యూపీఎస్సీ ఏటా పరీక్ష పెడుతుంది. 2013 నుంచి ప్రిలిమ్స్ సివిల్ సర్వీసెస్‌తో కలిపే జరుగుతోంది. ఈమధ్య నోటిఫికేషన్లలో కనిపించే ఖాళీలు దేశం మొత్తానికి 150 అటూఇటూ. ఇంజినీరింగ్ వాళ్లూ అర్హులే. మెయిన్స్‌లో రెండు ఆప్షనల్ సబ్జెక్టులు, వాటికి 800 మార్కులు. ఆ జాబితాలో ఫారెస్ట్రీ ఉంది. బీటెక్ చేసి, ఫారెస్ట్రీని ఆప్షనల్‌గా ఇంట్లో కూర్చుని చదివి సర్వీసులో చేరినవాళ్లు కొత్తేమీ కాదు. రాత పరీక్ష ఒక్కటే కాదు, నడక పరీక్ష కూడా ఉంటుంది. నాలుగు గంటల్లో మగవాళ్లు 25 కిలోమీటర్లు, ఆడవాళ్లు 14 కిలోమీటర్లు నడవాలి. బీట్ ఆఫీసర్ స్థాయిలోనూ ఇలాంటి నడక పరీక్షే పెడతారు.

దీని అర్థం ఒక్కటే. యూనిఫామ్ ఒక్కటే మీ లక్ష్యమైతే ఫారెస్ట్రీ డిగ్రీ మీకు టికెట్ కాదు. చేతిలో ఉన్న డిగ్రీతోనే రాయండి. కేవలం నోటిఫికేషన్ కోసం నాలుగేళ్ల కోర్సులో చేరితే, బయటికొచ్చాక మళ్లీ తిరుపతిలోనో హైదరాబాదులోనో కోచింగ్ హాస్టల్లో తేలతారు. పక్కన కూర్చున్నవాడికీ మీకూ తేడా ఉండదు.

మరి ఎవరు చేరాలి? అడవి మీద పని చేయాలనుకునేవాళ్లు చేరాలి, ప్రభుత్వం పిలిచినా పిలవకపోయినా.

నాలుగేళ్లూ ఏం నేర్పుతారు?

చాలామంది దీన్ని ‘చెట్ల పేర్లు బట్టీ పట్టే కోర్సు’ అనుకుంటారు. చెట్లను గుర్తుపట్టడం ఒక సబ్జెక్టు మాత్రమే. విత్తనం నుంచి నరికే దాకా చెట్టును ఎలా పెంచాలో చెప్పేది సిల్వీకల్చర్. అడవిని కొలిచేది మెన్సురేషన్. ఇంకా నేల, నీటి సంరక్షణ, చెట్ల ప్రజననం, కలప శాస్త్రం, వన్యప్రాణులు, అటవీ చట్టాలు, చింతపండు, తేనె లాంటి కలపేతర ఉత్పత్తులు, రిమోట్ సెన్సింగ్ ఉంటాయి. చివర్లో కొన్ని నెలలు ఫీల్డులోనే ఉండాలి.

మెన్సురేషన్‌ని ఒక ఉదాహరణతో చూద్దాం. మీ పొలం గట్టు మీద వేపచెట్టు ఉందనుకోండి. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో, అంటే మనిషి రొమ్ము ఎత్తులో, టేపు చుట్టి కొలవండి. చుట్టుకొలత 157 సెంటీమీటర్లు వస్తే వ్యాసం సుమారు 50 సెంటీమీటర్లు. ఈ జాతికి, ఈ ప్రాంతానికి తయారుచేసిన సూత్రంలో దాన్ని వేస్తే కలప ఘనపరిమాణం వస్తుంది. కలప సాంద్రతతో గుణిస్తే ఎండు బరువు. అందులో దాదాపు 47 శాతం కార్బన్. ఆ కార్బన్‌ని 44/12తో గుణిస్తే చెట్టు గాలిలోంచి పీల్చి దాచుకున్న కార్బన్ డయాక్సైడ్. అంటే ఒక టన్ను ఎండు కలపలో దాదాపు 1.72 టన్నుల కార్బన్ డయాక్సైడ్ దాగి ఉన్నట్టు. ప్రపంచమంతా మాట్లాడే కార్బన్ క్రెడిట్ల వ్యాపారం మొదలయ్యేది ఈ టేపు దగ్గరే. టేపు ఎక్కడ చుట్టాలో, ఏ సూత్రం వాడాలో తెలియనివాడు ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ వాడినా తప్పు లెక్కే వస్తుంది.

ఎక్కడ చదవాలి?

తెలంగాణలో సిద్దిపేట జిల్లా ములుగులో ఫారెస్ట్ కాలేజ్ అండ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. 2016లో మొదలైంది. సమ్మక్క, సారలమ్మ జాతర జరిగే ములుగు జిల్లా వేరు, ఇది వేరు. ఫారం నింపేటప్పుడు గందరగోళ పడకండి. ఆంధ్రావాళ్లకు అక్కడ సీటు అంత సులువు కాదు. స్థానికత నిబంధన ముందు చదువుకోండి.

మనకు దగ్గరి దారులు దక్షిణం వైపు ఉన్నాయి. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద కోయంబత్తూరు దగ్గరి మెట్టుపాళయం, కర్ణాటకలో కొడగు జిల్లా పొన్నంపేట, ఉత్తర కన్నడలో శిరసి, కేరళలో త్రిశూర్ దగ్గర వెళ్లానిక్కర. కుప్పంలో పొద్దున్నే రైలెక్కితే సాయంత్రానికల్లా కోయంబత్తూరులో ఉంటారు. ఈ తరహా వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో కొన్ని సీట్లు అఖిల భారత కోటా కింద భర్తీ అవుతాయి, దానికి సీయూఈటీ రాయాలి. మన పిల్లలు ఎక్కువగా వదిలేసుకునేది ఈ తలుపునే. ఎంసెట్ తప్ప ఇంకో పరీక్ష ఉందని చెప్పేవాళ్లు ఊళ్లో ఉండరు మరి.

డిగ్రీ వేరే సబ్జెక్టులో చేసేశారా? అయినా దారి ఉంది. దెహ్రాదూన్‌లోని ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ 1906లో పుట్టింది, 1991 నుంచి డీమ్డ్ విశ్వవిద్యాలయం. అక్కడ ఫారెస్ట్రీ, కలప శాస్త్రం, పర్యావరణ నిర్వహణ ఎమ్మెస్సీలు ఉన్నాయి. భోపాల్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫారెస్ట్ మేనేజ్‌మెంట్‌లో ఏ డిగ్రీ వాళ్లయినా క్యాట్ లాంటి స్కోరుతో ఎంబీఏకి వెళ్లొచ్చు. వన్యప్రాణుల మీద ఇష్టముంటే దెహ్రాదూన్‌లోనే వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది.

పని మన కొండల్లోనే ఉంది

అడవి అనగానే నల్లమలో, అరకో అనుకుంటాం. తంబళ్లపల్లె నుంచి కుప్పం దాకా ఒక్కసారి మ్యాపు తెరిచి చూడండి.

కుప్పం, పలమనేరు వైపు కౌండిన్య అభయారణ్యం. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు ఇటు వచ్చాయి. 1990లో అభయారణ్యంగా ప్రకటించారు. అప్పటి నుంచి రైతుకూ ఏనుగుకూ మధ్య పోరు ఆగలేదు. చెరకు, అరటి, వరి, టమాట ఏదైనా రాత్రికి రాత్రే తొక్కేసి పోతుంది. మనుషులూ చనిపోయారు, కరెంటు తీగలు తగిలి ఏనుగులూ చనిపోయాయి. కందకాలు తవ్వారు, సోలార్ కంచెలు వేశారు. 2025 మేలో కర్ణాటక నుంచి కుంకీ ఏనుగులు కూడా తెచ్చారు. ఇవన్నీ అవసరమే. కానీ ఏనుగుల గుంపు ఏ నెలలో ఏ దారిన వస్తుంది, ఆ దారిలో నీళ్లెక్కడ, మేతెక్కడ, ఏ పంట వేస్తే దిగుతుంది, ఏది వేస్తే దిగదు? ఈ లెక్కలు ఏళ్ల తరబడి తీసే మనిషి కావాలి. తమిళనాడులో కోయంబత్తూరు దగ్గర మదుక్కరై రైలు పట్టాల పక్కన 2024 నుంచి ఏఐ కెమెరాలు ఏనుగుల్ని పసిగట్టి ముందే హెచ్చరిస్తున్నాయి. కెమెరా అమర్చడం ఇంజినీరు పని. దాన్ని ఎక్కడ అమర్చాలో చెప్పాల్సింది అడవి చదివినవాడు.

ఇటు పక్క శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండలు. ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది ఈ తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. అంతర్జాతీయ వన్యజాతుల వ్యాపార ఒప్పందం సైటిస్ దీన్ని రెండో అనుబంధంలో పెట్టింది. సినిమాల పుణ్యమా అని ఈ చెట్టు అంటే దొంగ, పోలీసు, గొడ్డలి మాత్రమే మనకు గుర్తొస్తాయి. కానీ ఈ చెట్టు చుట్టూ అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. రైతు పొలంలో పెంచిన ఎర్రచందనానికీ, కొండలో కొట్టిన దానికీ తేడా ఎలా రుజువు చేయాలి? చేవ ఎన్నేళ్లకు కడుతుంది? ఏ నేలలో బాగా కడుతుంది? ఇవన్నీ జన్యుశాస్త్రం, కలప శాస్త్రం, నేలల శాస్త్రం. సొంత పొలంలో ఎర్రచందనం, శ్రీగంధం నాటిన రైతులు మన జిల్లాల్లో ఉన్నారు. వాళ్లకు నమ్మకంగా సలహా చెప్పే మనిషి దొరకడం లేదు. మొక్కలు అమ్మేవాడు చెప్పిందే సలహా.

తంబళ్లపల్లె సంగతికొద్దాం. వానలు తక్కువ, వేరుశనగ చేలు, ఎండిన చెరువులు, మల్లయ్యకొండ, ఆ పక్క హార్సిలీ హిల్స్. అడవి శాస్త్రానికి ఇక్కడేం పని అనుకుంటారా? ఈ నియోజకవర్గంలోనే, కురబలకోట మండలంలో రిషి వ్యాలీ ఉంది. బోడి కొండల మధ్య లోయలో దశాబ్దాల పాటు చెట్లు నాటి కాపాడితే పక్షులు తిరిగొచ్చాయి. 1991లో ఆ లోయను పక్షుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ అనే సంస్థ పాపాఘ్ని పరీవాహక గ్రామాల్లో ఊరుమ్మడి భూముల మీద, వన సంరక్షణ సమితులతో ఏళ్లుగా పనిచేస్తోంది. కరువు నేలలో గుట్ట పచ్చబడితే కింద బావిలో నీళ్లు నిలుస్తాయి, గొర్రెలకు మేత దొరుకుతుంది. ఇలాంటి సంస్థలకు ఊరి భాష, ఊరి మనుషులు, చెట్టు మూడూ తెలిసినవాళ్లు కావాలి. ఆ మూడింట్లో మొదటి రెండూ మీ దగ్గర ఇప్పటికే ఉన్నాయి.

ఖాకీ లేని కొలువులు

ఇప్పుడు నోటిఫికేషన్లలో కనిపించని ఉద్యోగాల సంగతి.

కాగితం మిల్లులకు కలప కావాలి. రాజమహేంద్రవరంలో ఆంధ్రా పేపర్, భద్రాచలం దగ్గర సారపాకలో ఐటీసీ మిల్లు. రైతుల పొలాల్లో జామాయిల్, సుబాబుల్, సరుగుడు పెంచితేనే వాటికి ముడిసరుకు. మేలురకం క్లోన్లు తయారుచేసేవాళ్లు, నర్సరీ నడిపేవాళ్లు, రైతులతో తిరిగేవాళ్లు ఈ రంగంలో కావాలి. 2014లో జాతీయ వ్యవసాయ అటవీ విధానం తెచ్చిన మొదటి దేశం మనదే.

రోడ్డు, గని, సోలార్ పార్కు లాంటి పెద్ద ప్రాజెక్టులకు పర్యావరణ ప్రభావ నివేదిక కావాలి. ఆ నివేదికలు రాసే కన్సల్టెన్సీలు గుర్తింపు పొందాలంటే జీవవైవిధ్యం చూసే నిపుణులు ఉండి తీరాలి. ఇది బీటెక్ సివిల్ వాళ్లు ఒంటరిగా చేయలేని పని.

యూరోపియన్ యూనియన్ 2023లో ఒక చట్టం చేసింది. కాఫీ, కలప, రబ్బరు లాంటివి అడవి నరికిన భూమిలో పండించినవి కాదని, ఏ పొలంలో పండాయో అక్షాంశ, రేఖాంశాలతో సహా చూపించాలి. అమలు వాయిదాలు పడుతున్నా, ఎగుమతి చేసేవాళ్లు మాత్రం తయారవ్వక తప్పదు. మన అరకు కాఫీ యూరప్‌కు వెళ్లాలన్నా ఇదే దారి. పొలాల హద్దులు గీసి, ఉపగ్రహ చిత్రంతో సరిచూసి, కింద ఉన్నది నీడ చెట్లా నరికిన అడవా అని తేల్చేవాళ్లకు కొత్తగా గిరాకీ పుడుతోంది.

ఇక ఉపగ్రహాల సంగతి. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా రెండేళ్లకోసారి దేశ అడవుల లెక్క తీస్తుంది. 2023 నివేదిక ప్రకారం అడవులు, చెట్లు కలిపి దేశ విస్తీర్ణంలో 25.17 శాతం. ఇందులో ఒక మెలిక ఉంది. ఒక హెక్టారు పైబడిన నేలలో చెట్ల గొడుగు 10 శాతం ఉంటే చాలు, ఆ భూమి ఎవరిదైనా, ఆ చెట్లు ఏవైనా అటవీ విస్తీర్ణం కింద లెక్కే. అంటే మన వైపు ఉన్న తోతాపురి తోట కూడా ఆ లెక్కలో పడొచ్చు! పైనుంచి చూసే ఉపగ్రహానికి మామిడి తోట, ముళ్ల అడవి రెండూ పచ్చగానే ఉంటాయి. కింద నిలబడి తేడా చెప్పేవాడే అసలు నిపుణుడు. హైదరాబాదులోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ లాంటి సంస్థల ప్రాజెక్టుల్లో, ప్రైవేటు మ్యాపింగ్ కంపెనీల్లో, కార్బన్ ప్రాజెక్టులు తనిఖీ చేసే సంస్థల్లో ఆ నిపుణుడికి విలువ ఉంటుంది.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఈ ఉద్యోగాల్లో మొదటి జీతం సాఫ్ట్‌వేర్ మొదటి జీతంలా ఉండదు. చాలావరకు ప్రాజెక్టు ఉద్యోగాలు, రెండేళ్లకో మూడేళ్లకో ఒప్పందం అయిపోతుంది. ఊళ్లు తిరగాలి, జీపుల్లో నిద్రపోవాలి. ఇంటి మీద అప్పు ఉండి, మొదటి నెల నుంచే పెద్ద మొత్తం పంపాల్సిన పరిస్థితి మీదైతే ముందు దాని గురించి ఆలోచించండి. అందులో తప్పేమీ లేదు.

ప్రభుత్వానికీ ఒక మాట

మీకు చెప్పి ప్రభుత్వాన్ని వదిలేస్తే న్యాయం కాదు. కర్ణాటకలో రేంజ్ ఆఫీసర్ నియామకాల్లో ఫారెస్ట్రీ పట్టభద్రులకు కొంత వాటా ఉంది. దాని శాతం మీద విద్యార్థులు గొడవ చేసే స్థాయిలో అక్కడ ఆ చదువుకు గుర్తింపు ఉంది. మరి మనకు? ఎర్రచందనం పుట్టిన నేల మనది, 2010లో ప్రకటించిన శేషాచలం బయోస్ఫియర్ రిజర్వు మనది, ఏనుగుల సమస్య మనది. ములుగులో ఉన్నట్టు అడవి కోసమే కట్టిన ప్రభుత్వ డిగ్రీ కళాశాల మాత్రం రాయలసీమకు లేదు.

అడవి చదివినవాడికీ చదవనివాడికీ ఒకే పరీక్ష, ఒకే మార్కులు అంటే పైకి సమానత్వంలా కనిపిస్తుంది. డాక్టరు పోస్టుకు అందరూ రాయొచ్చు, చేరాక వైద్యం నేర్పుతాం అని ఎవరైనా అంటారా? ఇంజినీర్లకు, సైన్సు వాళ్లకు తలుపు మూయమని నేను అనడం లేదు. రేంజ్ ఆఫీసర్ పోస్టుల్లో కొంత వాటా ఆ చదువుకు ఇవ్వాలి. కుప్పం, మదనపల్లె, తిరుపతి... ఎక్కడో ఒక చోట కళాశాల పెట్టాలి. కౌండిన్య పక్కన చదువుకున్న పిల్లలకు ఏనుగు పాఠం పుస్తకంలో వెతకాల్సిన పని ఉండదు.

చేరేముందు ఇవి చేయండి

కళాశాల ఫీజు కట్టకముందే ఒక నెల రోజులు మీకు మీరే పరీక్ష పెట్టుకోండి. ఖర్చేమీ కాదు.

ముందుగా, మీ ఊరి గుట్టెక్కి ఇరవై చెట్ల పేర్లు తెలుసుకోండి. గొర్రెలు కాసే పెద్దాయన్ని అడగండి, పుస్తకం కన్నా ఎక్కువ చెబుతాడు. తర్వాత ఆ పేర్లకు శాస్త్రీయ నామాలు వెతకండి. రెండోది, క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కంప్యూటర్లో వేసుకుని మీ మండలం మ్యాపు గీయండి. ఇస్రో వాళ్ల భువన్ పోర్టల్‌లో ఉపగ్రహ చిత్రాలు ఉన్నాయి. దెహ్రాదూన్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రిమోట్ సెన్సింగ్ ఉచితంగా ఆన్‌లైన్ కోర్సులు నడుపుతుంది, సర్టిఫికెట్ కూడా ఇస్తుంది. మూడోది, ఎండాకాలం ఒక రోజు పొద్దున్నే లేచి పాతిక కిలోమీటర్లు కాకపోయినా పది కిలోమీటర్లు నడవండి. నాలుగోది, ఫారెస్ట్రీ చదివిన ఒక్కరినైనా వెతికి పట్టుకుని మాట్లాడండి. ‘ఎంత జీతం’ అని కాదు, ‘నిన్న ఏం పని చేశావు అన్నా’ అని అడగండి.

ఆడపిల్లలకు ఒక మాట. ‘అడవిలో ఆడపిల్లకేం పని’ అని ఇంట్లో అంటారు. ఫారెస్ట్ సర్వీసులో, పరిశోధన సంస్థల్లో, ప్రయోగశాలల్లో మహిళలు చేస్తున్నారు. పైగా, ఈ చదువులో సగం పని ల్యాబులో, కంప్యూటర్ ముందు, ఊళ్లో మహిళా సంఘాలతో. ఆ సంగతి ఇంట్లో చెప్పండి.

ఆ నెల గడిచాక గుట్ట మీద ఇంకో ఇరవై చెట్లు తెలుసుకోవాలనిపిస్తే దరఖాస్తు చేయండి. విసుగొస్తే మానేయండి. ఒక నెలే పోయింది, నాలుగేళ్లు మిగిలాయి.

చేరినవాళ్లకు చివరిగా ఒక్క మాట. మొదటి ఏడాది నుంచే చెట్టుతో పాటు ఒక పరికరం మీద పట్టు సాధించండి. అది మ్యాపింగ్ కావచ్చు, గణాంకాలు కావచ్చు, కోడింగ్ కావచ్చు. ఇంజినీరింగ్ చదివేవాళ్లు అటునుంచి రండి, పరికరంతో పాటు చెట్టును నేర్చుకోండి. నోటిఫికేషన్ వస్తే రాయండి, వస్తే మంచిదే. రాకపోయినా మీ పని ఆగకూడదు. కుప్పం రైతు చేలో రాత్రి ఏనుగు దిగకుండా ఆపే మనిషి ఖాకీలోనే ఉండాలని ఎక్కడా రాసి లేదు.